అత్తమామలు భోజనానికొస్తున్నారు, వంట నాది

ప్రశ్న: అక్కా, మేం బెంగళూరులో ఉంటాం. మాది వరంగల్ దగ్గర పల్లె, నా భార్యది రాజమండ్రి. పెళ్లై ఏడాది కావస్తోంది. మే నెలలో ఒక ఆదివారం మా అత్తగారు, మామగారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. వాళ్లు పూర్తి శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి మాత్రం తింటారు. ఆ రోజు నా భార్యకు ఆస్పత్రిలో మార్నింగ్ డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. వంట నేనే చేస్తానని మాటిచ్చేశాను. రోజూ అన్నం, పప్పు, ఏదో ఒక కూర చేస్తుంటాను కాబట్టి బొత్తిగా రానివాణ్ని కాదు. పులిహోర, పూర్ణాలు, గారెలు, ముద్దపప్పు, ఆవకాయ, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, సాంబారు, చారు, పాయసం అని లిస్టు రాసుకున్నాను. మా దగ్గరున్నది రెండు బర్నర్ల స్టవ్, అయిదు లీటర్ల కుక్కర్, మిక్సీ. పోయిన పండక్కి బెల్లం పాయసం చేస్తే పాలు విరిగిపోయాయి. స్వీటు బయట కొనేయమని నా భార్య అంటోంది. మామగారికి షుగర్ కూడా ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం వండాలో, ఏది ముందు వండాలో చెప్పు. ఇంకో సంగతి, మా అత్తగారు వంటింట్లోకి వచ్చి "లే బాబూ, నేను చేస్తాను" అంటే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ లిస్టు చించెయ్. పదకొండు రకాలు ఒక్క చేత్తో, రెండు పొయ్యిల మీద వండితే వడ్డించే వేళకి పులిహోర చల్లారిపోతుంది, గారెలు మెత్తబడతాయి, నువ్వు చెమటలు కక్కుతూ నిలబడతావు. పూర్ణాలూ గారెలూ మూకుడు ముందు నిలబడి వాయి వాయికీ తీసే వంటలు. ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లతో మాట్లాడేవాళ్లు లేకుండా నువ్వు మూకుడు దగ్గర ఉండిపోతే ఏం బాగుంటుంది? పులిహోర ఉంటే మళ్లీ తెల్లన్నం, పప్పు ఎవరూ సరిగ్గా తినరు. సాంబారూ చారూ రెండూ అక్కర్లేదు.

నలుగురికి ఇవి చాలు: మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, దోసకాయ పచ్చడి, పచ్చి పులుసు, గడ్డపెరుగు, బెల్లం పరమాన్నం. పక్కన అప్పడాలు. ఆవకాయ సీసా ఎలాగూ ఉంటుంది, నెయ్యి గిన్నె ఉంటుంది. ఇంతకన్నా ఒక్కటి పెంచినా ఆ పెంచిన దాని వల్ల మిగతావి చెడతాయి.

ఈ లిస్టులో మీ ఊరి వంటలు రెండు కావాలనే పెట్టాను. రాజమండ్రి నుంచి వచ్చినవాళ్లకి రాజమండ్రి వంట చేసి పెట్టాలనుకుంటే మీ అత్తగారి చేతివంటతో పోటీ పడినట్టవుతుంది. ఆ పోటీలో నువ్వు గెలవవు, గెలవాల్సిన అవసరమూ లేదు. అటువైపు గుత్తి వంకాయలో ధనియాలు, శనగపప్పు, మినప్పప్పు వేయించి కొట్టిన కారం కూరడం ఎక్కువ. మీ అమ్మ చేసేది పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి పట్టించే కూర అయి ఉంటుంది. అదే చెయ్. చిన్నప్పటి నుంచీ తిన్న రుచి కాబట్టి ఉప్పు, పులుపు ఎంత ఉండాలో నాలుకే చెబుతుంది. పచ్చి పులుసు కూడా అంతే. పైగా దాన్ని పొయ్యి మీద మరిగించక్కర్లేదు, పోపుకు తప్ప బర్నర్ అడగదు. మే నెల ఎండలో చల్లగా దిగుతుంది.

వంట సంగతికి వెళ్లేముందు ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. మీ ఇంట్లో చికెన్, గుడ్డు వండుతారా? వండితే ఆ కుక్కరు, ఆ మూకుడు, ఆ గరిటెలే వాడతారా? పూర్తి శాకాహారుల్లో కొందరికి ఇది పెద్ద పట్టింపు, కొందరికి కడిగితే చాలు. మీ అత్తగారు ఏ రకమో నీ భార్యకు తెలుసు, ముందే అడుగు. పట్టింపు ఉంటే ఒక మూకుడు, రెండు గిన్నెలు, రెండు గరిటెలు కొత్తవి కొను. కుక్కరుకైతే రబ్బరు గ్యాస్కెట్ మార్చు, వాసన పట్టి ఉండేది దానికే. ఇది తేల్చుకోకుండా ఎంత బాగా వండినా మనసులో ఒక మూల బెరుకు ఉంటుంది, వాళ్లకీ నీకూ.

ఇక పరమాన్నం. బయట కొనొద్దు. పాలు ఎందుకు విరిగాయో తెలిస్తే మళ్లీ విరగనివ్వవు. బెల్లంలో కొద్దిగా పులుపు గుణం ఉంటుంది, ఖనిజ లవణాలు ఉంటాయి. పాలు చల్లగా, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ కాస్త పులుపును తట్టుకుంటాయి. తెర్లుతున్నప్పుడు తట్టుకోలేవు, అందులోని ప్రొటీన్ ముద్దలు కట్టి నీళ్లు వేరైపోతాయి. నువ్వు పొయ్యి మీద ఉడుకుతున్న పాలల్లోనే బెల్లం వేసి ఉంటావు. పాత బెల్లమైతే, పాలు నిన్నటివైతే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కాబట్టి ఇలా చెయ్. అరకప్పు బియ్యం, ఇష్టమైతే రెండు చెంచాల పెసరపప్పు దోరగా వేయించి కలుపు. కడిగి, కప్పున్నర నీళ్లు పోసి ముందు నీళ్లలోనే ఉడికించు. మెతుకు రెండు వేళ్ల మధ్య నొక్కితే పూర్తిగా నలిగిపోవాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోలేవు, ఎందుకంటే తీపి కలిసిన తర్వాత మెతుకు మరి మెత్తబడదు, ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. బాగా ఉడికాక లీటరు చిక్కటి పాలు పోసి సన్న సెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు అడుగంటకుండా కలుపుతూ మరగనివ్వు. చిక్కబడుతోంది అనిపించే లోపే ఆపెయ్. పరమాన్నం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, పొయ్యి మీద సరిగ్గా ఉందనిపిస్తే పళ్లెంలో ముద్దలా పడుతుంది.

పక్క బర్నర్ మీద ముప్పావు కప్పు బెల్లం తురుము పావు కప్పు నీళ్లలో కరిగించు. పాకం రానక్కర్లేదు, కరిగితే చాలు. వడకట్టు. మంచి బెల్లంలో కూడా ఇసుక, చెరుకు పిప్పి ముక్కలు ఉంటాయి. దాన్నీ ఆరనివ్వు. పాల గిన్నె దించిన తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగి, వేలు పెట్టి చూస్తే ఓర్చుకోగలిగినంత వేడికి వచ్చాక బెల్లం నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలుపు. మళ్లీ పొయ్యి మీద పెట్టకు, వేడి తగ్గింది కదా అని కూడా పెట్టకు. యాలకుల పొడి, నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్ వేసి మూత పెట్టు.

ముందురోజు రాత్రే బెల్లాన్ని ఒకసారి పరీక్ష చేసి చూసుకో. చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పాలు మరగబెట్టి చిటికెడు బెల్లం వెయ్. విరిగితే ఆ బెల్లం చాలా పుల్లగా ఉందన్నమాట, షాపు మార్చి ఇంకోటి తెచ్చుకో. విరక్కపోయినా నేను చెప్పిన పద్ధతి వదలొద్దు. ఇన్ని చేసినా ఆ రోజు విరిగిందే అనుకో, పాలు తాజావైతే తినడానికి హాని లేదు. నెయ్యి పోసి దగ్గరపడేదాకా ఉడికిస్తే పలుకులు పలుకులుగా కోవా మాదిరి తయారవుతుంది. అలాగే వడ్డించు, క్షమాపణలు చెప్పకుండా.

మామగారి షుగర్ గురించి: "బెల్లమే కదా, పర్లేదు" అని ఎవరైనా అంటే వినకు. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. అలాగని ఆయన కోసం విడిగా చప్పిడి పాయసం చేసి అందరి ముందూ "ఇది మీకు" అని పెట్టడం ఇంకా ఇబ్బంది. అందరికీ చిన్న గిన్నెల్లోనే పోసి ఇవ్వు. ఆయన రెండు చెంచాలు తిని ఆపేస్తారో, మొత్తం తింటారో ఆయన ఇష్టం. మారు వడ్డించేటప్పుడు ఆయన్ని మాత్రం బలవంతపెట్టకు.

పప్పు దగ్గరికి వద్దాం. బెంగళూరులో పప్పు సరిగ్గా ఉడకదని చాలామంది అంటారు, అందులో నిజం ఉంది. ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో ఉడికిస్తే అందుకే ఆలస్యం. కుక్కర్లో ఆ తేడా పెద్దగా తెలియదు. రెండో శత్రువు బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు. ఉప్పు నీళ్లలో కందిపప్పు గింజ గింజగానే ఉండిపోతుంది. పప్పుకి, పరమాన్నానికి తాగే నీళ్లే వాడు. మూడోది పులుపు. మామిడికాయ ముక్కలు పప్పుతో కలిపి కుక్కర్లో వేస్తే పప్పు మెత్తబడడానికి మొరాయిస్తుంది. కప్పు కందిపప్పు అరగంట నానబెట్టి, మూడు కప్పుల నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి విడిగా ఉడికించు. చుక్క నూనె వేస్తే నురగ పొంగి విజిల్లోంచి చిమ్మదు. కుక్కరు సగానికి మించి నింపకు. నాలుగైదు కూతలు వచ్చాక సెగ తగ్గించి అయిదు నిమిషాలు ఉంచి ఆపు.

మామిడికాయ ముక్కలు, నాలుగు పచ్చిమిరపకాయలు వేరే గిన్నెలో కాసిని నీళ్లతో అయిదు నిమిషాలు ఉడికించి, మెదిపిన పప్పులో కలిపి ఉప్పు వేసి రెండు పొంగులు రానివ్వు. కాయ కొనేటప్పుడు జాగ్రత్త. అక్కడ బళ్ల మీద ఉప్పూ కారం చల్లి అమ్మే తోతాపురి, మనవైపు కలెక్టరు కాయ అంటారు చూడు, అది కొరుక్కు తినడానికి బాగుంటుంది గానీ పప్పుకి పులుపు చాలదు. గుండ్రటి నాటుకాయ అడిగి తెచ్చుకో. మే నెల కాబట్టి కోసి చూస్తే లోపల పసుపు తిరిగి ఉండొచ్చు, అందుకని ఒకటి ఎక్కువే కొను.

గుత్తి వంకాయకి అరకిలో చిన్న గుండ్రటి ఊదా రంగు కాయలు. పొడుగాటి ఆకుపచ్చ వంకాయలు అక్కడ ఎక్కువ కనిపిస్తాయి, అవి వద్దు. ముందురోజు రాత్రే మసాలా పొడి చేసి పెట్టుకో. పెద్ద గుప్పెడు పల్లీలు సన్న సెగ మీద వేయించి పొట్టు తియ్యి. రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, మూడు చెంచాల ఎండుకొబ్బరి తర్వాత. నాలుగు చెంచాల నువ్వులు అన్నిటికన్నా చివర, చిటపటలాడగానే తీసెయ్. నువ్వులు మాడితే కూరంతా చేదు. పొద్దున ఆ పొడిలో వేయించిన ఉల్లిపాయ, కాస్త అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, చిన్న నిమ్మకాయంత చింతపండు గుజ్జు కలిపి మిక్సీ పట్టు. తొడిమలు ఉంచి కాయల్ని నాలుగు పక్షాలుగా చీరి ఉప్పు నీళ్లలో వేస్తే నల్లబడవు. నీళ్లు పిండి, ముద్ద కూరి, అయిదారు చెంచాల వేడి నూనెలో పేర్చి మూత పెట్టు. కాయ మగ్గేదాకా, అంటే పదిహేను ఇరవై నిమిషాలు, సెగ పెంచకు. మధ్యలో రెండుసార్లు జాగ్రత్తగా తిప్పు. తర్వాత మిగిలిన ముద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి పోసి, పైకి నూనె తేలేదాకా ఉంచు. నూనె దగ్గర పిసినారితనం చేస్తే ఇది వంకాయ పులుసు అవుతుంది. ఈ కూర చేసిన వెంటనే కన్నా రెండు మూడు గంటలు ఊరితేనే బాగుంటుంది. అందుకే దీన్ని పొద్దున్నే మొదలుపెట్టమంటున్నాను.

పచ్చడికి పసుపు దోసకాయ కోసిన వెంటనే చిన్న ముక్క నోట్లో వేసుకో. చేదుంటే మొత్తం పారెయ్, ఉప్పు వేస్తే పోతుందని ప్రయత్నించకు. బాగుంటే గింజలు తీసి సన్నగా తరిగి పెట్టు. ఎండుమిర్చి, మినప్పప్పు, ఆవాలు, నాలుగు మెంతి గింజలు నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు వేసి బరకగా తిప్పి, వడ్డించడానికి అరగంట ముందు మాత్రమే ముక్కల్లో కలుపు. ముందే కలిపితే ఉప్పుకి ముక్క నీరొదిలి పచ్చడి చారవుతుంది.

పచ్చి పులుసు నీకు తెలిసిందే, నేను చెప్పేదేముంది. పచ్చిమిర్చి మంట మీద కాల్చి నలిపితే వచ్చే వాసన వదులుకోకు. నువ్వుల పొడి ఒక చెంచా వెయ్, కొంచెం బెల్లం వెయ్.

పెరుగు శనివారం రాత్రి పదింటికి తోడుపెట్టు, పొద్దున లేవగానే ఫ్రిజ్‌లో పెట్టు. బయట వదిలేస్తే మధ్యాహ్నానికి పులుస్తుంది. ఇంత భోజనం తర్వాత పుల్ల పెరుగు పోస్తే తిన్నదంతా వృథా.

ఇప్పుడు వరస. ఒంటిగంటన్నరకి కూర్చుంటారనుకుని వెనక్కి లెక్కపెట్టుకుందాం. ఊరితే బాగుండేవి ముందు, వేడిగా ఉండాల్సినవి చివర, అంతే సూత్రం. తొమ్మిదిన్నరకి ఒక పొయ్యి మీద వంకాయ, రెండో దాని మీద కుక్కర్లో పప్పు. పదిన్నరకి రెండూ అయిపోతాయి. పప్పుకి పోపు ఇప్పుడు పెట్టకు. కుక్కరు కడిగి, వంటగట్టు తుడిచి, స్నానం చేసి బట్టలు మార్చుకో. ఈ గంట ఖాళీ చాలా ముఖ్యం, వాళ్లు వచ్చేది దాదాపు ఈ వేళకే. మంచినీళ్లు, మజ్జిగ ఇచ్చి కాసేపు కూర్చో. పదకొండున్నరకి పరమాన్నం ఎక్కించు. పన్నెండుంపావుకి అది దిగుతుంది, బియ్యం కడిగి నానబెట్టు. పన్నెండున్నరకి పరమాన్నంలో బెల్లం కలిపి, పచ్చడికి పోపు వేయించి, పచ్చి పులుసు కలిపేసుకో. పన్నెండూ ముప్పావుకి అన్నం కుక్కరు పెట్టు. పాత బియ్యమైతే ఒకటికి రెండు నీళ్లు, కొత్తవైతే కొంచెం తగ్గించు. ఆవిరి దానంతట అది పోయేదాకా మూత తియ్యకు. ఒంటిగంటకి పచ్చడిలో ముక్కలు కలుపు. ఒంటిగంటుంపావుకి పప్పు వేడి చేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువతో ఘుమఘుమలాడేలా పోపు పెట్టు. ఇల్లంతా ఆ వాసన రావాల్సింది భోజనానికి పిలిచే ముందే. అప్పడాలు చిట్టచివర.

అరిటాకులు అక్కడ సులువుగా దొరుకుతాయి. వేస్తే కొస భాగం తినేవాళ్ల ఎడమ చేతివైపు ఉండాలి. స్టీలు కంచాలైనా తప్పేం లేదు. పరమాన్నం మొదట వడ్డించు, చివర కాదు. తర్వాత అన్నం, పప్పు, నెయ్యి. నీ భార్య పొద్దున్నుంచీ డ్యూటీ చేసి వస్తుంది, ఆమెను అమ్మానాన్నల పక్కన కూర్చోబెట్టి నువ్వు వడ్డించు. వాళ్లు ముద్ద నోట్లో పెట్టకముందే "ఉప్పు తగ్గిందేమో, కారం ఎక్కువైందేమో" అనకు. నువ్వు అంటే వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది.

మీ అత్తగారి సంగతి. ఆవిడ వంటింట్లోకి వస్తారు, అది ఖాయం. "వద్దండీ, మీరు కూర్చోండి" అని గుమ్మంలోనే ఆపేస్తే నొచ్చుకుంటారు. గరిటె ఇచ్చేస్తే నీ పప్పు ఆవిడ పప్పవుతుంది. మధ్యేమార్గం ఒకటుంది. చిన్న మూకుడు, నూనె, అప్పడాల ప్యాకెట్టు తీసి పక్కన సిద్ధంగా పెట్టుకో. "అత్తయ్యా, నాకు అప్పడాలు ఎప్పుడూ మాడిపోతాయి, మీరు వేయిస్తారా?" అని అడుగు. నిలబడి వేయిస్తూ నీ వంకాయ గిన్నె మూత తీసి చూస్తారు, "ఇందులో నువ్వులు వేశావా బాబూ?" అంటారు. మీ అమ్మ ఎలా చేస్తుందో అప్పుడు చెప్పు.